నడివయసువారి విద్య

2025 జూలైలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థ తన సిబ్బందిలో నూటికి రెండుపాళ్లు, అనగా సుమారు 12,000 మందిని, తగ్గించెదనని ప్రకటించినది. ఆ వేటు ముఖ్యముగా నడిమి, పై తరగతుల ఉద్యోగులపై పడునని సంస్థవారే చెప్పియున్నారు. అనుభవమే ఆస్తియని నమ్మియుండిన కుటుంబములకు ఇది గుండెలదరు వార్త.

ఈ నడివయసువారు మన పాఠకులెరుంగనివారు కారు. 1998లో హైదరాబాదున సైబర్ టవర్సు తెరచిన దినములలోను, 2000 సంవత్సరపు తేదీల చిక్కును సవరించుటకై లోకమంతయు ప్రోగ్రామర్లను వెదకికొనిన దినములలోను, పొలము తాకట్టుపెట్టియో అమ్మియో తండ్రులు పంపగా, అమీర్‌పేట ఇరుకు గదులలో కొలది మాసములు కోబాలు, జావా అభ్యసించి కొలువులకెక్కినవారు వీరిలో పెక్కురు కలరు. అప్పుడు వారికి ఇరువదిరెండేండ్లు. పగలు పాఠము, రాత్రి హాస్టలు భోజనము. పోగొట్టుకొనుటకు చేతిలో నేమియు లేదు. నేడు వారికి ఏబది సమీపించినది. అదే అమీర్‌పేటలో క్లౌడు పాఠములు, కృత్రిమ మేధ పాఠములు సాగుచున్నవి. కాని వారవి వినవలసినది పగలెల్ల కొలువుచేసి, ఇంటి అప్పు వాయిదా, పిల్లల కళాశాల రుసుము, తల్లిదండ్రుల మందుల ఖర్చు లెక్కచూచుకొనిన పిమ్మట, రాత్రి పదిగంటలకు.

కావున కుర్రవారు చురుకైనవారు, పెద్దలు మందబుద్ధులు అనుమాట మాకు సమ్మతము కాదు. తరముల నడుమ భేదము బుద్ధిలోకంటె తీరికలోనే హెచ్చు. అట్లని పెద్దలయందు దోషము లేకపోలేదు. మేనేజరు పదవి రాగానే స్వయముగా ప్రోగ్రాము వ్రాయుట చిన్నతనమని మానివేసినవారు కొందరు కలరు. సేద్యమంతయు పాలేర్లకు విడిచి పట్టణము చేరిన భూస్వామికి కొన్నియేండ్లకు తన పొలము గట్లే తెలియకుండుట మనము చూచినదే కదా! ఐనను పాత బ్యాంకు ప్రోగ్రాములెన్నో ఇంకను కోబాలులోనే నడచుచున్నవి. వానిలో ఏ పంక్తి ఎందుకు వ్రాయబడినదో చెప్పగలవారు ఈ పెద్దలే. యువకుడు యంత్రమునడిగి క్షణములో సమాధానము తేగలడు. అది తప్పని పసిగట్టుటకు మాత్రము అట్టి తప్పుచేసి యొకనాడు రాత్రియంతయు మేల్కొనినవాడు కావలెను.

చట్టము వీరికేమి చేయుచున్నది? 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతి ప్రకారము, తగ్గింపబడిన ప్రతి కార్మికునికై యజమాని 15 దినముల వేతనమును పునఃశిక్షణ నిధికి చెల్లింపవలెను. మంచిదే. కాని నిర్వాహక పదవులలోనివారిని, నెలకు 18,000 రూపాయలకు మించి పుచ్చుకొను పర్యవేక్షకులను ఆ స్మృతి కార్మికులుగా నెంచదు. అనగా వేటు ఎవరిపై పడుచున్నదో వారిలో పెక్కురకు ఆ నిధి తలుపు మూసియే యున్నది. తెరచియున్నవారికైనను సహాయమందునది కొలువు పోయిన పిమ్మటనే.

సింగపూరు ప్రభుత్వము 2024 మేలో 40 ఏండ్లు నిండిన తన పౌరులకు శిక్షణనిమిత్తము తలకు 4,000 సింగపూరు డాలర్లు జమకట్టినది. కొలువు చేయుచునే దానిని వాడుకొనవచ్చును. అది చిన్నదేశము, మన బొక్కసమునకు అంత శక్తి లేదనవచ్చును. కాని పనివేళలలోనే వారమునకు కొన్నిగంటలు శిక్షణకై విడువుడని సంస్థలను కోరుటకు బొక్కసముతో పనిలేదు. తెలంగాణ శాసనసభ 2024లో చట్టముచేసి స్థాపించిన నైపుణ్య విశ్వవిద్యాలయమునకు యంగ్ ఇండియా యని పేరిడిరి. పేరెట్లున్నను, సాయంకాలపు తరగతులలో నలుబదియైదేండ్లవానికిని ఒక బల్ల వేయుడని ఏలికలను కోరుచున్నాము.