విద్యార్థిగానే జీవించిన విద్వాంసుడు

విద్యకు అంతం లేదన్న మాట సభలలో తరచుగా వినిపిస్తుంది. కాని పట్టా చేతికి రాగానే చదువు ముగిసినదని మనలో అనేకులు తలుస్తారు. కుటుంబ భారం వలన మధ్యలో చదువు మానినవారైతే, ఇక తమకు ఆ ద్వారం మూతపడినదనే నిశ్చయించుకుంటారు. ఈ రెండు భావాలూ సరికావని మా అభిప్రాయం. ఇందుకు నిదర్శనంగా అమెరికా దేశపు శాక్సఫోన్ విద్వాంసుడు, స్వరకర్త డాక్టర్ యూసుఫ్ లతీఫ్ జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

ఆయన 1920లో టెనెసీ రాష్ట్రంలోని చాటనూగాలో నల్లజాతి కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు విలియమ్; ఇస్లాం స్వీకరించిన పిదప యూసుఫ్ లతీఫ్ అయ్యారు. బాల్యంలోనే కుటుంబం మోటారు కార్ల పరిశ్రమకు పేరుపొందిన డెట్రాయిట్ నగరం చేరింది. 18వ ఏట శాక్సఫోన్ చేపట్టిన ఆ యువకుడు 1949లో సుప్రసిద్ధుడైన డిజ్జీ గిలెస్పీ వాద్యబృందంలో స్థానం సంపాదించారు.

జాజ్ సంగీతంలోనూ, మన సంగీతంలో వలెనే, మనోధర్మానికి పెద్దపీట. అటువంటి బృందంలో వాయించినవానికి ఇంకా నేర్చుకొనవలసినది ఏమున్నదని లోకం అడుగవచ్చు. లతీఫ్ అలా తలచలేదు. 1950లో డెట్రాయిట్ తిరిగివచ్చి, వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో స్వరరచననూ ఫ్లూటునూ అభ్యసించారు. జీవనోపాధికై కార్ల కర్మాగారంలో పనిచేశారు. అక్కడ సిరియా దేశస్థుడైన తోటి కార్మికుడు రబాబు సంగతి చెప్పగా, ఆ వాద్యాన్నీ సాధన చేశారు. గురువు విశ్వవిద్యాలయంలోనే ఉండాలన్న నియమం ఆయనకు లేదు. 1961 నాటి ‘ఈస్టర్న్ సౌండ్స్’ అనే రికార్డులో శాక్సఫోన్‌తోపాటు ఓబో, చైనా దేశపు గుండ్రని పిల్లనగ్రోవి కూడా ఆయన ఊపిరితోనే పలికాయి.

పేరు ప్రతిష్ఠలు వచ్చిన తరువాత కూడా ఆయన తరగతి గదిని విడువలేదు. న్యూయార్కులోని మాన్‌హట్టన్ సంగీత విద్యాలయం నుండి 1969లో సంగీతంలో పట్టానూ, మరుసటి ఏడు స్నాతకోత్తర పట్టానూ పొందారు. 1975లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం విద్యాశాస్త్రంలో డాక్టరేటు ఇచ్చింది. పాశ్చాత్య, ఇస్లామీయ విద్యావిధానాల సమీక్షయే ఆ సిద్ధాంతవ్యాసపు విషయం కావడం మన వంటి కళాశాలవారు ప్రత్యేకంగా గమనింపదగినది.

కళాకారునికి పట్టాలెందుకని కొందరు ఆక్షేపించవచ్చు. పట్టా వలన ఎవరూ విద్వాంసులు కారన్నది నిజమే. కాని లతీఫ్ చదివినది పట్టా కోసమే అయితే 1975లోనే ఆగిపోయేవారు. 1981లో స్వరశ్రేణులను క్రోడీకరించి విద్యార్థులకై బృహద్గ్రంథం ప్రకటించారు. తరువాత నైజీరియాలోని అహ్మదు బెల్లో విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు పరిశోధన సాగించారు. 1987లో వెలువడిన ‘లిటిల్ సింఫనీ’లో వాద్యాలన్నీ తానొక్కరే వాయించగా, 1988లో దానికి గ్రామీ బహుమతి లభించింది.

విద్య ఆయనకు మరొక ధైర్యాన్ని కూడా ఇచ్చింది. ‘జాజ్’ అన్న పేరులో తమ కళను చులకన చేసే అర్థాలు ఉన్నాయని ఆయన ఆ పదాన్నే నిరాకరించారు. శరీరం, మనస్సు, ఆత్మ అనే మూడింటి నుండి వెలువడే సంగీతమన్న అర్థంలో కొత్త పేరును కల్పించుకున్నారు. ఇతరులు పెట్టిన పేరును మౌనంగా మోయక, తన కళకు తానే పేరు పెట్టుకోగలగడం విద్యావంతుని లక్షణమని మేము భావిస్తున్నాము. 2010లో అమెరికా జాతీయ కళానిధి ‘జాజ్ మాస్టర్’గా సత్కరించినది ఈ పేరు నిరాకరించినవానినే. 2013 డిసెంబరులో 93వ ఏట ఆయన కన్నుమూశారు.

సోదర విద్యార్థులారా! పరీక్షలు ముగిసిననాడు పుస్తకం మూయకండి. చదువు మాని పనిలో చేరిన మిత్రులు మీకు ఉంటే, వారికి ఈ జీవితకథ చెప్పండి. కళాశాల పాలక సంఘం పెద్దలకు మా విన్నపం ఒక్కటే: సంసారం మోస్తూ, పనిచేసి అలసిన చేతులతో, ఆలస్యంగా వచ్చి తలుపు తట్టిన విద్యార్థిని వయస్సు చూసి వెనుకకు పంపకండి. సాయంకాలపు తరగతులో, ఫీజులో సడలింపో, ఏదో ఒక మార్గం చూపండి. లతీఫ్ పట్టభద్రుడైనది 50 ఏళ్లకు చేరువలో. నాడు ఆ సంగీత విద్యాలయం తలుపు తెరిచినందువలననే, పిదప ఆయన ఎందరికో గురువు కాగలిగారు.