నెత్తురొస్తోందని బ్రష్ మానొద్దు!

ప్రశ్న: మావారికి 54 ఏళ్లు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి నెత్తురొస్తోంది. కింది పళ్లు రెండు కదులుతున్నాయి. మందుల షాపులో అడిగి మాత్రలు వేసుకుంటే నాలుగు రోజులు తగ్గి మళ్లీ మామూలే. నెత్తురొస్తోందని ఈమధ్య బ్రష్ మానేసి వేలితో తోముకుంటున్నారు. ఒంట్లో నిరోధక శక్తి తగ్గిందేమో! టానిక్కులు వాడమంటారా?
– ఓ పాఠకురాలు, ద్రాక్షారామం

జవాబు: చిగుళ్ల జబ్బు వచ్చినంత మాత్రాన శరీరం చేతులు ముడుచుకుని కూర్చుందని కాదు. అసలు చిక్కు అది ఆపకుండా పోరాడటమే.

పంటికీ చిగురుకీ మధ్య సన్నటి సందు ఉంటుంది. అక్కడ చేరిన పాచిలో బ్యాక్టీరియా జిగట పొరలా అంటుకుంటుంది. లాలాజలంలోని ఖనిజాలతో ఆ పాచే గట్టిపడి గారగా మారుతుంది. ఈ బ్యాక్టీరియాలో పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్ అనే రకం మహా మొండిది. శరీరం దాన్ని గుర్తించి ప్రత్యేకంగా యాంటీబాడీలను తయారుచేస్తుంది. జబ్బు ముదిరినవారి రక్తంలో ఇవి మామూలువారిలో కన్నా సాధారణంగా ఎక్కువే ఉంటాయి.

మరి జబ్బెందుకు తగ్గదు? యాంటీబాడీలు జిగట పొర లోపలికి సరిగా చొరబడలేవు. పైగా ఈ బ్యాక్టీరియా వాటినే తుంచేసే ఎంజైములను వదులుతుంది. శత్రువు చావడు, శరీరం పోరు ఆపదు. అదేపనిగా వచ్చిపడే తెల్ల రక్తకణాల నుంచి వెలువడే రసాయనాలకు పంటిని పట్టి ఉంచే కణజాలం దెబ్బతింటుంది, చుట్టూ ఉన్న ఎముకా కరుగుతుంది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టన్నమాట! పళ్లు కదిలేది అందుకే.

కాబట్టి టానిక్కులతో ఒరిగేదేమీ లేదు. మాత్రల మందూ ఆ పొరలోకి పూర్తిగా వెళ్లదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థ నుంచే టెట్రాసైక్లిన్ జాతిలో తొలి మందు ఆరియోమైసిన్ 1948లో వచ్చింది. ఈ జాతి మందులు చిగుళ్లను కరిగించే ఎంజైములనూ అదుపు చేస్తాయని 1980లలో తేలింది. అయినా డాక్టర్లు వీటిని శుభ్రం చేయడానికి తోడుగా ఇస్తారే తప్ప బదులుగా కాదు.

డెన్మార్క్‌లో హెరాల్డ్ లో బృందం 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్లు తోముకోవడం మాన్పించి చూసింది. మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలెట్టాక వారం రోజుల్లో సర్దుకున్నాయి. ఈ ఫలితాలు 1965లో వెలువడ్డాయి. మీవారి జబ్బు ఆ దశ దాటింది కాబట్టి బ్రష్ ఒక్కటే చాలదు. దంతవైద్యుల దగ్గర గార తీయించి, చిగుళ్ల లోపలా శుభ్రం చేయించాలి. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్నది అపోహ. గార పోయాక అప్పటికే ఉన్న కదలిక బయటపడుతుందంతే.

షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్లు పాడైతే షుగర్ అదుపు తప్పుతుంది. రెండింటికీ కలిపి చికిత్స చేయించండి. చుట్ట, సిగరెట్ అలవాటుంటే మాన్పించండి. పొగతాగేవారిలో నెత్తురు తక్కువగా కనిపించి జబ్బు దాగి ఉంటుంది.

మెత్తటి బ్రష్‌తో రోజుకు రెండుసార్లు, నెత్తురొచ్చినా సరే, నెమ్మదిగా తోముకోమనండి. కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు. కానీ ఆలస్యం చేయకపోతే మిగిలిన పళ్లను కాపాడుకోవచ్చు.