డిపాజిట్ దానం కాదు

"పోనీలే, ఓనరుతో గొడవెందుకు" అనే మాట మనం మానాలి. మన డిపాజిట్లు మింగేవాళ్లకి ఆ మాటే బలం.

మేం నలుగురం సింగపూర్ జురాంగ్‌లో ఏడాది అగ్రిమెంటు మీద ఉన్నాం. ఖాళీ చేశాక 2,400 డాలర్ల డిపాజిట్ అడిగితే గోడ మాసిందన్నాడు, రంగుల ఖర్చన్నాడు, చివరికి ఫోన్ ఎత్తడం మానేశాడు. రోజూ గోడలు కట్టించేది మేమే. ఏడాది వాడకానికి గోడ మాయడం వేరు, పగలగొట్టడం వేరు. అది మాకు చెప్పాలా?

"కేసు వేస్తే పర్మిట్ పోద్ది" అని భయపెట్టింది కూడా మనోళ్లే. మా పర్మిట్లు మా దగ్గరే ఉన్నాయి.

ఇక్కడ స్మాల్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఉంది. రెండేళ్లకు మించని ఇంటి అద్దె అగ్రిమెంటు అయితే 20,000 డాలర్ల వరకు అక్కడ అడగొచ్చు. రెండేళ్లలోపు వేయాలి. లాయరు మనకీ ఉండడు, ఓనరుకీ ఉండడు.

మేం అగ్రిమెంటు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్, చేరిన రోజు, వదిలిన రోజు తీసిన ఫోటోలు, వాట్సాప్ మెసేజ్‌లు పెట్టాం. మొదటి పిలుపులోనే 2,250 ఇస్తానని ఒప్పుకున్నాడు. మిగతా 150 ఏసీ సర్వీసుకి. అది చేయించకపోవడం మా తప్పే, వదిలేశాం.

సైట్‌లో సిమెంటు బస్తా దిగినా సంతకం తీసుకుంటాం. మరి మన చెమట డబ్బు చేతికిచ్చి రసీదు అడగడానికి మొహమాటమా? రసీదు లేకుండా రూపాయి ఇవ్వొద్దు. రసీదు ఉంటే రూపాయి వదలొద్దు.