'సహకరించలేదు'

న్యూజెర్సీ నుంచి సెలవులకొచ్చిన అబ్బాయి తహసీల్దారు ఆఫీసు వరండాలో అరగంట నిలబడితే చాలు, తీర్పు ఇచ్చేస్తాడు: "మా దగ్గరైతే అంతా ఆన్‌లైనే. ఈ మనుషుల్ని తీసేసి కంప్యూటర్ పెడితే ఇక్కడా బాగుపడుతుంది." చుట్టూ ఉన్నవాళ్లు తలూపుతారు. ఆ న్యూజెర్సీలోనే 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తితే, నలభై ఏళ్ల నాటి కంప్యూటర్లను నడిపించడానికి కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష తెలిసినవాళ్లు స్వచ్ఛందంగా రావాలని గవర్నర్ ఫిల్ మర్ఫీ విలేకరుల ముందు అడగాల్సి వచ్చింది. ఈ ముచ్చట మాత్రం వరండాలో వినపడదు.

సరే, అది పాత సరుకు. కొత్తది తెచ్చుకున్న ఇండియానా ఏమైంది?

2006లో ఆ రాష్ట్రం సంక్షేమ పథకాలకు ఎవరు అర్హులో చూసే పనిని ఐబీఎం బృందానికి అప్పగించింది. పదేళ్లకు 130 కోట్ల డాలర్ల పైచిలుకు ఒప్పందం. అంతకుముందు కౌంటీ ఆఫీసులో ఒక్కో కుటుంబం బాగోగులు తెలిసిన ఉద్యోగి ఒకరుండేవారు. ఆ స్థానంలోకి కాల్‌సెంటర్, వెబ్‌సైట్, ఫ్యాక్స్ వచ్చాయి. ఫోన్ ఎవరెత్తితే వాళ్లే ఆ పూటకు అధికారి. రేపు చేస్తే మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఫ్యాక్స్‌లో పంపిన కాగితం దారిలో పోయినా, ఒక సంతకం మరిచిపోయినా ఇంటికొచ్చే నోటీసులో ముక్క ఒకటే: అర్హత నిర్ధారణకు సహకరించలేదు. ఆస్పత్రిలో పడి ఉండి అపాయింట్‌మెంట్‌కు అందని క్యాన్సర్ రోగికి కూడా అదే ముక్క, ఆపైన మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య సాయం కోత.

మిషిగన్ ఇంకో అడుగు ముందుకేసింది. 'మిడాస్' అనే సాఫ్ట్‌వేర్ 2013-15 మధ్య నిరుద్యోగ భృతి తీసుకున్నవాళ్ల మీద మోసగాళ్లన్న ముద్ర వేసి, నాలుగింతల జరిమానా విధించింది. (గ్రీకు కథలో మిడాస్ రాజు ముట్టుకున్నదల్లా బంగారం, ఇక్కడ ముట్టుకున్నవాడల్లా దొంగ.) మనిషి చెయ్యి పడకుండా యంత్రమే తేల్చిన 22,427 కేసుల్ని రాష్ట్రం తిరగేసి చూస్తే 93 శాతం తప్పులే.

మరి హైదరాబాద్ ఈ-సేవ 2001లో వచ్చి జనాన్ని గట్టెక్కించలేదా అంటారు. గట్టెక్కించింది, కాదనేదెవరు? కరెంటు బిల్లు, నీటి బిల్లు, ఆస్తి పన్ను ఒకే కౌంటర్లో కట్టేశారు. అయితే బిల్లు కట్టించుకోవడానికి విచారణ అక్కర్లేదు. ఆదాయ ధ్రువపత్రం అలా కాదు. మీసేవలో పెట్టినా, 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన 'మన మిత్ర' వాట్సాప్‌లో పెట్టినా, ఆ ఇంటి రాబడి ఎంతో ఎవరో ఒకరు కనుక్కుని రాయాలి. ఆ మనిషికి తీరిక లేకపోతే ఎర్రగుడ్డలో మూట కట్టిన ఫైలు బదులు తెర మీది ఫైలు కదలకుండా ఉంటుంది. అంతే తేడా.

మళ్లీ ఇండియానాకే వస్తే, 2009 అక్టోబరులో ఐబీఎం ఒప్పందాన్ని రద్దు చేసింది, దాన్ని నెత్తికెత్తుకున్న గవర్నర్ మిచ్ డేనియల్సే. ఆ తర్వాత రాష్ట్రం కంప్యూటర్లను పారేయలేదు. వాటితో పాటు, కౌంటీ ఆఫీసుల్లో ముఖాముఖి మాట్లాడే ఉద్యోగుల్ని మళ్లీ కూర్చోబెట్టింది.