తలరాతయా? చట్టపు వ్రాతయా?

మా వీథిలో నొక వృద్ధదంపతులు కలరు. కుమారుడు టెక్సాసులో నుద్యోగి. ప్రతి యుదయము నాతని ఫోను వచ్చువరకు నా తల్లి కాఫీ ముట్టదు. ఒకనాడు ఫోను రాలేదు. అతడుండు నగరమున నొక యంగడిలో కాల్పులు జరిగెనని టెలివిజనులో చెప్పిరి. రెండు గంటలసేపు మేమును వారియింటనే కూర్చుంటిమి. తుదకు కుమారుడు మాటలాడెను. ఫోనులో ఛార్జింగు లేకపోయెనట, అంతియే! ఆ తల్లి మాత్ర మా దినమంతయు వణకుచునే యుండెను. గుండు తగిలిన కుటుంబములకు లెక్క కలదు. తగులని యీ కుటుంబముల కే లెక్కయు లేదు.

ఇక తగిలిన కుటుంబము మాట. 2017 ఫిబ్రవరి 22వ తేదీన కాన్సాస్ రాష్ట్రమందలి ఓలేతా పట్టణమున, మిత్రునితో గూర్చుండిన హైదరాబాదు ఇంజనీరును, తన దేశము విడిచి పొమ్మని యరచుచు నొక శ్వేతజాతీయుడు కాల్చి చంపెను. మిత్రునికిని, అడ్డుపడబోయిన యొక యమెరికనునకును గాయములయ్యెను. 2018లో హంతకునకు యావజ్జీవశిక్ష పడెను. న్యాయము జరిగినదనిరి. కాని భర్త వీసాయే యాధారముగా నచ్చట నివసించు భార్యకు, భర్త పోగానే యా యాధారమును పోవును. అంత్యక్రియలకై వచ్చిన యా వితంతువు తిరిగి తన యింటికి పోగలదో లేదో! అచ్చటి కాంగ్రెసు సభ్యు డొకడు కల్పించుకొనిన పిమ్మటగాని యామెకు పనిచేయుటకు తాత్కాలికానుమతి దొరకలేదు.

ఇట్టి వార్త వచ్చినప్పుడెల్ల మనవారు పలుకునది యొకటే మాట: తలరాత. ఈ మాట వినిన మాకు రోత పుట్టుచున్నది. 2021లో నమెరికాలో తుపాకులవలన 48,000 మందికి పైగా మరణించిరి. అందు సగముకంటె నెక్కువ యాత్మహత్యలు. బ్రహ్మదేవు డా యొక్క దేశముపైననే పగబూనెనా? 1996లో స్కాట్లండునందలి డన్‌బ్లేన్ పాఠశాలలో 16 మంది పిల్లలును ఉపాధ్యాయినియు చంపబడగా, మరుసటి యేడే బ్రిటన్ చేతితుపాకులను నిషేధించెను. ఆ 1996లోనే పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది హతులు కాగా, ఆస్ట్రేలియా ఆరు లక్షలకు పైగా తుపాకులను కొని ధ్వంసము చేసెను. అమెరికాలో నైతే 2005 నాటి చట్టము తుపాకి తయారుచేయువారిపై దావాలను చాలవరకు నడ్డుచున్నది! 2022లో ఉవాల్డే బడిలో 19 మంది పసివారు కూలినపిమ్మట నొక చిన్న సవరణ చట్టము వచ్చెను. అంతే.

ఆయుధము స్వేచ్ఛకు గుర్తని వారు వాదింతురు. ఈ వాదము మన మెరుగనిది కాదు. 1878 నాటి ఆయుధశాసనమును మన పెద్దలు జాత్యవమానమని నిరసించిరి. తెల్లవారిని మినహాయించి మనలను మాత్రము నిరాయుధులను జేసిన శాసన మది, నిరసన న్యాయమే. అయినను స్వతంత్రులమైన పిమ్మట 1959లో మనము చేసికొనిన చట్టమందును లైసెన్సు నియమము నుంచితిమి. అందుచే మన స్వాతంత్ర్య మేమైన తరిగినదా?

అచ్చటి తెలుగు సంఘములు మృతదేహములను స్వదేశమునకు బంపుటకు చందాలు వేయుచున్నవి, మంచిదే. కాని పౌరసత్వము బడసి వోటు గల మనవా రెందరు ఈ విషయమున తమ యభ్యర్థులను నిలదీసిరి? మొన్న నా వృద్ధునే యడిగితిమి: "మీవాడచ్చట పౌరుడై యారేండ్లయినది గదా, వోటు వేయుచున్నాడా?" ఆయన తెలియదనెను. కొంతసేపూరకుండి, రేపటి ఫోనులో నడిగెదననెను.