ఆరోగ్యం: వాననీళ్ళూ ఎలుకజ్వరమూ

ఎలుక అంటే మనకు చిల్లుపడిన బియ్యపు బస్తాయే గుర్తుకు వస్తుంది. కాని అది కరవకుండానే చేసే కీడు అంతకన్న పెద్దది. ఎలుకలూ, పందికొక్కులూ తాము జబ్బు పడకుండానే లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవిని మూత్రంలో విడుస్తుంటవి. అది వరదనీటిలో కలిసి, మన కాళ్ళ పగుళ్ళలోంచి, గాయాలలోంచి ఒంట్లో ప్రవేశిస్తుంది. 1999 పెనుతుఫాను తరువాత ఒడిశాలోనూ, 2005 జూలై వరదల తరువాత ముంబయిలోనూ యీ జ్వరం వ్యాపించింది.

అలాంటి నీళ్ళలో నడిచిన నెలలోపల జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళ ఎరుపు కనిపిస్తే ఆలస్యం చేయరాదు. కళ్ళు పచ్చబడినవని పసరుమందుకు పరుగెత్తితే యీలోగా మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మేము మనవి చేసేది ఒక్కటే: డాక్టరు అడగకముందే "మురికినీళ్ళలో నడిచాము" అని చెప్పండి. తొలిరోజుల్లోనే మందు పడితే సాధారణంగా నయమయ్యే జబ్బే యిది.