మాట నేర్చిన సుమ

రైలు రాయ్‌పూర్ వదిలి ఖారూన్ నది దాటితే కుమ్హారి. అక్కడికి భిలాయ్ ఎంతో దూరం లేదు. 1959లో ఉక్కు కర్మాగారంలో మొదటి కొలిమి వెలిగిన కాలం నుంచీ ఉత్తరాంధ్ర పల్లెల జనం పని వెతుక్కుంటూ ఇటు వచ్చారు. బజారులో హిందీ, ఇరుగుపొరుగుతో ఛత్తీస్‌గఢీ, వంటింట్లో శ్రీకాకుళం యాస. 1995లో జెమిని, ఈటీవీ మొదలయ్యాక కేబుల్ తీగ వెంట మరో తెలుగు ఇళ్లలోకి వచ్చింది. అందులో ఏళ్ల తరబడి అలసిపోకుండా వినిపిస్తున్న గొంతు యాంకర్ సుమ కనకాలది.

మొదట్లో ఆమెను వినడం కన్నా చూడడమే ఎక్కువ. ఆమె నడిపిన ఆటల కార్యక్రమం ‘స్టార్ మహిళ’ వచ్చే వేళకు ఆడవాళ్ల కళ్లన్నీ చీర మీదే. అంచు ఎంత వెడల్పు, జాకెట్టు చేతులు ఎక్కడిదాకా, కొంగుకు పిన్ను పెట్టిందా, వదిలేసిందా? పెద్దవాళ్లకు మాత్రం ఆ మాటల జోరు గిట్టేది కాదు. పిల్ల కాస్త ఊపిరి తీసుకుంటే బాగుండుననేవారు.

ఆ జోరులోని పనితనం చూడగా చూడగా తెలిసింది. ఆటకొచ్చిన ఇల్లాలు మైకు చూడగానే బిగుసుకుపోతుంది. పేరూ ఊరూ చెప్పి ఆగిపోతుంది. సుమ ఆ ఊరి పేరే పట్టుకుని, కట్టుకొచ్చిన చీర సంగతో, ఇంట్లో వంట సంగతో కదిపి, చిన్న మేలమాడి ఆమె నోట నాలుగు మాటలు పలికిస్తుంది. అందరూ నవ్వుతారు, ఆ ఇల్లాలు కూడా చిన్నబోకుండా నవ్వుతుంది. ఎంత ఓపిక ఉంటే ఇది రోజూ సాధ్యం!

పైగా తెలుగు ఆమె పుట్టు భాష కాదు. సుమ కేరళలోని పాలక్కాడ్ మూలాలున్న మలయాళీ, సికింద్రాబాద్‌లో పెరిగి మన మాట నేర్చుకుంది. భిలాయ్ తెలుగు ఇళ్లలో ఈ సంగతి చెప్పుకోవాలి. ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది. ఊరి నుంచి అమ్మమ్మ ఫోన్ చేసి ‘తిన్నావా’ అంటే ‘హా, ఖా లియా’ అంటారు.

2022లో వచ్చిన ‘జయమ్మ పంచాయితీ’ సినిమాలో సుమ శ్రీకాకుళం పల్లె ఇల్లాలు. వేదిక మీది మెరుపులు లేవు. సాదా చీర, మొండి పట్టుదల. భర్త గుండె ఆపరేషనుకు డబ్బు కావాలి, తాను ఊరందరి శుభకార్యాల్లో చదివించినవి తనకు తిరిగి రావాలని పంచాయితీకెక్కుతుంది. ఎవరింటి పెళ్లికి ఎంత చదివించామో నోటుబుక్కులో రాసి దాచుకునే అలవాటు వలస వచ్చిన వాళ్ల వెంటే వచ్చింది. ఇక్కడి తల్లులకు జయమ్మ గోడు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

హరికథ దాసుగారి సమయస్ఫూర్తిని కళ అంటాం. ముందే రాసిపెట్టిన మాట లేకుండా, ఎదుటి మనిషిని బట్టి అప్పటికప్పుడు మాట అల్లే ఈ విద్యకూ ఆ గౌరవం దక్కాలి. సుమ ఇంకా వేదిక మీద ఉండగానే దక్కాలి.